మూటల దగ్గర కూర్చున్న చుక్కలు

బుగ్గారంలో జమున గురించి ఎవరినైనా అడిగి చూడండి, ముందు ఆమె నోటి గురించి చెబుతారు. బస్సు ఆలస్యమైతే కండక్టరుతో, కరెంటు పోతే లైన్‌మన్‌తో, ఎవరూ దొరక్కపోతే గోడ మీది పిల్లితో తగువు వేసుకునే మనిషి. ఆ తర్వాత ఆమె జ్ఞాపకం గురించి చెబుతారు. ఏ పెళ్లికి ఎవరు ఏ చీర కట్టుకొచ్చారో, ఆ చీర ఎవరి దగ్గర అడిగి తెచ్చుకున్నారో కూడా ఆమెకు గుర్తే. నిజాయితీ సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు. అది విడిగా చెప్పాల్సిన విషయమని ఆ ఊళ్లో ఎవరికీ తోచలేదు. నలభై ఆరేళ్ల బతుకులో దాని గురించి ఆమెను ఒకే ఒక్కసారి నిలదీశారు. అదీ ఎవరి మాట నమ్మి? ఒక కంప్యూటర్ మాట నమ్మి! ఈ ముచ్చట దాని గురించే.

జమున కల్లుగీత ఇంటి ఆడబిడ్డ. తండ్రి కిష్టయ్య పొద్దు పొడవకముందే చెట్టెక్కే మోకు భుజాన వేసుకుని తాటివనానికి పోయేవాడు. ఆయన పోయి ఆరేళ్లయింది. తల్లి గంగవ్వ ఇప్పుడు కూతురి దగ్గరే ఉంటుంది. జమున పన్నెండో ఏట బడికి పోతూనే బీడీల చాట ముందు కూర్చుంది, నలభై రెండో ఏట భుజం పట్టేసి లేచింది. ముప్పై ఏళ్లు ఆకు కత్తిరించడం, తంబాకు పోసి చుట్టడం, దారం కట్టడం, పాతికకొక కట్ట. కట్టలు చూసే ముసలి గుమాస్తా అందరివీ విప్పి లెక్కపెట్టేవాడు, జమునవి మాత్రం చూడకుండానే పక్కన పెట్టేవాడు. పది తప్పినా అక్షరాలు గుండ్రంగా రాస్తుందని మహిళా సంఘం వాళ్లు తమ పుస్తకం ఆమె చేతికే అప్పగించారు.

అందుకే హైదరాబాద్ నుంచి సర్వే వాళ్లొచ్చి, "చదువు కొంచెమున్నా చాలు, నమ్మకమైన మనిషి కావాలి" అని సంఘాన్ని అడిగితే, పదిహేనుమంది ఆడవాళ్లూ ఒకే పేరు చెప్పారు.

ఆ సర్వే ఏమిటంటే, సారంగాపూర్ దాటి కొంత దూరం పోతే రేగులగుట్ట వస్తుంది. గుట్ట మీద మల్లన్న. చలి తగ్గగానే వరసగా ఆరు ఆదివారాలు జాతర. జగిత్యాల నుంచి ఆటోలు, కోరుట్ల నుంచి జీపులు, సిరిసిల్ల నుంచి బస్సులు, చందుర్తి వైపు నుంచి ట్రాక్టర్లు వస్తాయి. ఇంత జనం వచ్చి ఎక్కడ తిరుగుతున్నారు, ఎక్కడ ఆగుతున్నారు, ఎంతసేపు ఉంటున్నారు అన్నది తెలిస్తే గదా ఏర్పాట్లు చేసేది! అది కనిపెట్టడానికి అగ్గిపెట్టెంత డబ్బాలు తెచ్చారు. డబ్బా ఎక్కడుంటే అక్కడి జాడ నిమిషానికోసారి రాసుకుంటుంది. తర్వాత కంప్యూటర్లో పెడితే నక్ష మీద చుక్కలుగా కనిపిస్తుంది. అరవై డబ్బాలు. వచ్చిన కుటుంబానికి ఒకటి చొప్పున ఒప్పించి ఇవ్వాలి, ఇంటి పెద్ద పేరు, వయసు, ఊరు కాగితం మీద రాసి సంతకం పెట్టించాలి, తిరిగి పోయేటప్పుడు డబ్బా వాపసు తీసుకోవాలి. ఇదీ జమున పని. పై అధికారి శ్యాంసుందర్‌ది హైదరాబాద్. కంప్యూటర్ చూసే అమ్మాయి వర్షది కోరుట్లే.

మొదటి ఆదివారమే జమున ఆ డబ్బాలకు బీడీల దారం కట్టి, మెడలోనో చేతికో తగిలించుకునేలా చేసింది. చెప్పలేదెవరూ, తనకే తోచింది. గుట్ట కింద బస్సులాగే చోట నిలబడి, దిగిన వాళ్లను దిగినట్టు పట్టుకునేది.

"దీన్ల మా మాటలు ఇనవడ్తయా అక్కా?" అని ఒకామె అడిగితే, "ఇనవడయి. మీ అత్త మీద ఎన్ని చాడీలు చెప్పుకుంటవో చెప్పుకో" అనేది.

"మా ఆయన కల్లు దుకాణం కాడికి పోతె తెలుస్తదా?"

"గదైతే తెలుస్తది. గందుకే డబ్బ ఆయనకే ఇయ్యి."

జనం పకపకా నవ్వి సంతకాలు పెట్టేవాళ్లు. నవ్వులన్నీ అయ్యాక జమున గొంతు మార్చి చివరికొక జాగ్రత్త మాట తప్పకుండా చెప్పేది. "ఇది మనది గాదు. పోతె మల్ల రాదు. పైలం! మస్తు పైలం!" మూడో ఆదివారం సిరిసిల్ల నుంచి భార్యాపిల్లలతో, తల్లితో వచ్చిన మగ్గం పనివాడు రామస్వామికైతే ఈ మాట మూడుసార్లు చెప్పింది. ఆయన మనిషి కాస్త పరధ్యానంగా కనిపించాడు మరి. మూడు ఆదివారాల్లో ఒక్క డబ్బా కూడా పోలేదు. ఆ సంగతి ఇంట్లో చెప్పుకుని జమున మురిసిపోయింది.

మంగళవారం జగిత్యాల రమ్మని వర్ష ఫోన్ చేసింది. బస్టాండ్ దగ్గర సర్వే వాళ్లు అద్దెకు తీసుకున్న గది. శ్యాంసుందర్ కుర్చీ చూపించాడు. వర్ష తలెత్తి చూడలేదు. అప్పుడే జమునకు ఏదో తేడా కొట్టింది.

"జమునగారూ, ఒక మాట అడుగుతాను. ఈ డబ్బాలు మీరు నిజంగా పంచారా?"

"పంచకుంటె ఎట్లయితది సారూ? కాయితాల మీద సంతకాలున్నయి గద."

"సంతకాలున్నాయి. ఇదిగో, ఇరవై ఏడో నంబరు. రామస్వామి, సిరిసిల్ల, ముప్పై ఎనిమిదేళ్లు. గుట్ట దగ్గరికి వచ్చి ఐదు గంటలు దాదాపు ఒకేచోట కూర్చున్నాడు. గుడికి పోలేదు, మెట్టు ఎక్కలేదు, జాతరలో తిరగలేదు. అంత దూరం నుంచి వచ్చిన మనిషి ఇలా చేస్తాడా? ఒక్కడు కాదు, అరవైలో నలభై ఒక్క మంది ఇంతే. అందరూ గుట్ట కింది ఆ పాత సత్రం దగ్గరే. వెనక రెండు ఆదివారాలూ ఇదే వరస."

జమునకు ఇంకా అర్థం కాలేదు. ఆయన గొంతు తగ్గించి, అర్థమయ్యేలా చెప్పాడు. "నలభై ఒక్క డబ్బాలు ఒక సంచిలో వేసుకుని నీడలో కూర్చుంటే నక్ష సరిగ్గా ఇలాగే వస్తుంది. ఎండలో తిరగడం కష్టమే, నాకు తెలుసు. కానీ ఈ లెక్కలతో నేను పైకి ఏం చెప్పను? ఇదంతా తీసి పారేయాలి. మీ సంఘానికి ఉత్తరం రాసి, వేరే మనిషిని అడగాలి."

జమునకు తల కొట్టేసినట్టయింది. ఊరందరి మీదా ఎగిరే ఆ నోరు టక్కున మూతబడింది. ఉత్తరం సంఘానికి వెళుతుంది, దాన్ని అందరి ముందూ చదువుతారు. చదివేదెవరు? సంఘం పుస్తకం రాసే జమునే గదా! తన దొంగతనం తానే పైకి చదవాలన్నమాట. లెక్కపెట్టకుండా కట్టలు పక్కన పెట్టిన ఆ ముసలి గుమాస్తా గుర్తొచ్చాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి గానీ, ఈ మనిషి ముందు ఏడిస్తే ఒప్పుకున్నట్టే అవుతుందని వాటిని అక్కడే ఆపేసింది.

కుర్చీ లాక్కుని కంప్యూటర్ ముందుకు జరిగింది. "బిడ్డా, గా బొమ్మ పెద్దగ చెయ్యి."

వర్ష చేసింది. సత్రం నలుచదరంగా కనిపించింది. కప్పు ఎప్పుడో కూలిపోయి నాలుగు గోడలే మిగిలిన సత్రం. దాని పక్కన చుక్కలన్నీ పోగుపడి ఉన్నాయి. జమున కాసేపు చూసింది. ఆమెకు నక్షలు చూడటం రాదు. కానీ ఆ సత్రం, ఆ గోడలు, ఆ నేల ఆమె పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి ఎరిగినవే.

"ఇవి ఏ యాళ్లకు ఏడున్నయో కనవడ్తదా?"

"కనబడుతుందక్కా. పొద్దున్నుంచి నడిపిస్తా చూడు."

తొమ్మిది గంటలకు చుక్కలు ఒక్కొక్కటే వచ్చి సత్రానికి పడమటి పక్కన కూర్చున్నాయి. పది, పదకొండు, కదల్లేదు. పన్నెండు దాటింది. ఒక చుక్క లేచింది. గోడ మూల తిరిగి తూర్పు పక్కకు పోయి కూర్చుంది. దాని వెనక ఇంకొకటి. తర్వాత మూడు కలిసి. పన్నెండూ నలభైకల్లా పడమటి పక్కన ఒక్క చుక్క లేదు. అన్నీ తూర్పు గోడ వారన బారుగా సర్దుకున్నాయి.

జమున వెనక్కి తిరిగింది. నోరు తిరిగొచ్చింది. "సారూ, సంచిల ఉన్న డబ్బలకు ఎండ తగుల్తదా?"

శ్యాంసుందర్ తెర వైపు తిరిగాడు.

"పొద్దుగాల నీడ పడమటి దిక్కుంటది. పగటీలి తూర్పు దిక్కుకు మళ్లుతది. ఎవల నెత్తి మీదికి ఎండ అచ్చినప్పుడు వాళ్లు లేచిండ్రు. నేను సంచిల పెట్టుకుని కూసుంటె నలభై ఒకటి ఒక్కసారే లేవాలె గద! ఒక్కొక్కటి ఎందుకు లేత్తది?"

"మళ్లీ నడిపించు" అన్నాడు ఆయన వర్షతో. నడిపించింది. మళ్లీ అదే. మూడోసారి ఆయనే కుర్చీలోంచి లేచి, వంగి, ముక్కు తెరకు ఆనేంత దగ్గరగా చూశాడు.

"మరి ఈ మగవాళ్లంతా అక్కడెందుకు కూర్చున్నారు?"

"మగోళ్లెవలు కూసున్నరు సారూ? కాయితం మీద ఇంటి పెద్ద పేరు రాయిమన్నరు, రాసిన. డబ్బ ఎవల చేతుల ఉన్నదో రాసే గడి ఏది దాంట్ల? ఇరవై ఏడో నంబరు రామస్వామి పట్టుకోలె. వాళ్లవ్వ బాలమణికి ఇచ్చిండు. ఆమె దాన్ని బొడ్లె చెక్కుకుని మూటల కాడ కూసున్నది. ఏ ఇంటోళ్లయినా గంతే. అందరు గుట్టెక్కుతరు, ముసలామెను సద్దిమూటల కాడ, చెప్పుల కాడ కూసోవెడ్తరు. ఫోన్లు ఆమెకే ఇస్తరు, కమ్మలు తీసి ఆమెకే ఇస్తరు. పైలమైన వస్తువు ఇంక ఎవలకిస్తరు?" అంది. ఆ తర్వాతి మాట కొంచెం మెల్లగా వచ్చింది. "తప్పు నాదే సారూ. పైలం, పైలం అని అందరికి నేనే చెప్పిన."

వర్ష ఫక్కున నవ్వేసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అప్పటికప్పుడు రామస్వామి నంబరు కలిపి స్పీకర్ పెట్టింది. డబ్బా సంగతి అడగ్గానే అవతల మనిషి కంగారుపడిపోయాడు. "వాపసిచ్చినం గద మేడం! నేను ముట్టుకోను గూడ లేదు. జమునక్క గట్ల బెదిరిచ్చేసరికి మా అవ్వకిచ్చిన. ఆమె అన్నం తినేటప్పుడు గూడ బొడ్లెకెళ్లి తియ్యలె. అడుగుండ్రి కావాలంటె!"

ఇక ఆ గదిలో ఎవరూ ఎవరినీ ఏమీ అడగాల్సిన పని లేకపోయింది. కానీ జమున అక్కడితో ఊరుకుంటుందా? వేలితో తెర మీద చూపిస్తూ చదువుకుంటూ పోయింది. ఒంటిగంట దాటాక ఒక్కో చుక్కా సత్రం నుంచి బోరింగ్ దాకా ఒకసారి పోయి వచ్చింది, నీళ్లు అంత దూరం. ఇదిగో ఈమె దారిలో మూడుచోట్ల ఆగింది, మోకాళ్ల నొప్పులు. ఈమె సగం దూరం పోయి వెనక్కి తిరిగింది, మూటలు యాదికొచ్చాయి. ఇంకో సన్నని గీత తుప్పల వెనక దాకా చాలా దూరం పోయింది. "ఇదేమిటి?" అని శ్యాంసుందర్ అడగబోతే, "గది అడుగకుండ్రి సారూ. ఆడోళ్లకు ఇంకో జాగ లేదు గాడ" అంది.

"మా అవ్వ గంగవ్వ గూడ గిట్లనే కూసున్నది" అంది చివరికి. "లగ్గమై అచ్చిన కాడికెల్లి ఏడాదేడాది అత్తది. చిన్నప్పుడు నన్ను ఎత్తుకుని కూసున్నది. మల్ల ఇరుగుపొరుగోళ్ల మూటలు. 'నువ్వున్నవు గద' అని అందరు ఎక్కిపోతరు. మల్లన్న మొకం ఎట్లుంటదో మా అవ్వకు తెల్వది."

శ్యాంసుందర్ చేతులు జోడించాడు. "క్షమించండి జమునగారూ. నేను తొందరపడ్డాను."

"గట్లగాదు సారూ. సంఘానికి ఉత్తరం రాస్తనన్నరు. గది రాయుండ్రి. గిప్పుడు గీడ ఏం జరిగిందో గదంత రాయుండ్రి."

రాశాడు, మాట తప్పకుండా రెండు పేజీలు రాశాడు. గురువారం సంఘం సమావేశంలో జమున దాన్ని లేచి నిలబడి చదివింది. "మా అనుమానం తప్పు, మా యంత్రం చూడలేనిది ఆమె చూసింది" అన్న వాక్యాన్ని వేలు పెట్టి చదివింది. పక్కనున్న ఆమె "మల్లొక్కసారి సదువు" అంది. మళ్లీ చదివింది. ఇంకొకామె వెనక వరసలోంచి, "మాకు ఇనవడలె, గట్టిగ సదువు" అంది. వినబడక కాదు, వాళ్లకు కడుపు నిండలేదు. అలా ఆ ఒక్క వాక్యం నాలుగుసార్లు చదివించుకున్నారు. చివరి మాటు జమున ఏడుస్తూనే చదివింది, దాచుకోలేదు.

నాలుగో ఆదివారానికి కొత్త కాగితాలు వచ్చాయి. వాటిలో ఒక గడి ఎక్కువుంది. 'డబ్బా ఎవరి దగ్గర ఉంది' అని దానికి పేరు. ఆఫీసులో మాత్రం అందరూ దాన్ని జమున గడి అనే పిలిచారు. కుటుంబానికి రెండు డబ్బాలు, ఎక్కేవాళ్లకొకటి, కూర్చునేవాళ్లకొకటి. కూర్చున్నవాళ్ల సంగతి సర్వే పుస్తకంలో విడిగా ఒక అధ్యాయమైంది. ఆ తర్వాత జగిత్యాలలో అధికారుల ముందు శ్యాంసుందర్ దాన్ని చదవకుండా మైకు జమునకిచ్చాడు. ఆమె మొదలుపెడితే ఆపడం ఎవరి తరం? మరుసటి ఏడాది జాతరకు సత్రం పక్కన రేకుల షెడ్డు, నల్లా, ఆడవాళ్లకు మరుగుదొడ్లు, సామాన్లు దాచే గది వచ్చాయి. ఇప్పుడు అక్కడ టోకెన్ ఇస్తారు. కానీ నాకు చెప్పాలనిపించేది అది కాదు. వాటన్నిటికన్నా ముందు, సర్వే ఆఖరి ఆదివారం జరిగింది చెప్పాలి.

ఆ రోజు జమున తన పని వర్షకు అప్పగించి, తల్లిని వెంటబెట్టుకుని బస్సు దిగింది. ఇరుగుపొరుగు వాళ్లు ఎప్పట్లాగే సత్రం నీడలో మూటలు దించారు. గంగవ్వ ఎప్పట్లాగే కాళ్లు చాపుకుని కూర్చోబోయింది.

"లే అవ్వా. నువ్వు నడువు."

"నేనేడికే? మూటలు?"

"మూటల కాడ నేనున్న గద."

గంగవ్వ గుట్ట వైపు చూసింది, కూతురి వైపు చూసింది. "నా మోకాళ్లు ఎక్కుతయా బిడ్డా?"

"అయ్య బతుకంత తాటిచెట్లెక్కిండు. నువ్వు గీ మెట్లెక్కలేవా? మెల్లగ పో. ఏడ ఆయాసమచ్చినా కూసో. తొందరేం లేదు, మల్లన్న ఏడికి పోడు."

ఎర్ర దారం కట్టిన డబ్బా తల్లి మెడలో వేసింది. ఇంకొకటి తన మెడలో వేసుకుంది. సంతకాలు రెండూ వర్షే పెట్టించుకుంది.

మంగళవారం జగిత్యాల గదిలో శ్యాంసుందర్ ఆ ఆదివారం నక్ష నడిపించాడు. ఒక చుక్క మెట్ల మీద పైకి పోతోంది. పది మెట్లు ఎక్కి ఆగుతుంది, మళ్లీ పది. మూడు వందల పన్నెండు మెట్లకు గంటా యాభై నిమిషాలు. పైన గుడి ముందు అది ఎంతకీ కదల్లేదు. వరస కదిలిపోయింది, దర్శనం చేసుకున్నవాళ్లు దిగిపోయారు, ఆ చుక్క మాత్రం అక్కడే నిలబడి ఉంది. వర్ష ఆ చుక్క గడి చదివింది. గంగవ్వ, డెబ్భై ఒకటి, బుగ్గారం.

"మరి కిందిది?" అన్నాడు శ్యాంసుందర్. సత్రం పడమటి గోడ దగ్గర ఇంకొక చుక్క ఉంది. పొద్దున తొమ్మిది నుంచి అదే చోటు. పన్నెండున్నరకు లేచి తూర్పు పక్కకు మారింది. మధ్యాహ్నం రెండు దాటినా మెట్ల వైపు అడుగు వేయలేదు. ఐదు గంటలు, మూటల దగ్గరే.

వర్ష కాగితం తిప్పి ఆయన ముందు పెట్టింది. గడిలో గుండ్రటి అక్షరాలతో 'జమున' అని రాసి ఉంది.

శ్యాంసుందర్ దాన్ని చదివి, ఏమీ అడగకుండా కింద సరైనదేనని సంతకం పెట్టాడు.